అవతలి ఒడ్డున ఎవరు?

దామరచర్ల మండలంలోని వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి, అదే ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నాయి. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు వెలుగుతుంటాయి. స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం రెపరెపలాడుతుంటుందనీ, కిందిది నిలకడగా ఉంటుందనీ, పైదాన్ని కదిలించేది స్వామి ఊపిరేననీ భక్తులు చెబుతారు. నమ్మకం సంగతి అలా ఉంచి, ఆ మాటలో ఉన్న తర్కాన్ని చూడండి. ఊపిరి తీసేవాడు కంటికి ఆనడు. ఆనేది మంట కదలిక ఒక్కటే. గాలికే కదిలితే రెండూ కదలాలి కదా అని అడగడానికి పక్కనే కదలని దీపం ఒకటి ఉంది కాబట్టి ఆ వాదన నిలబడుతోంది. కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాముకు ఏదో దారిన మాట వచ్చి పడితే, దాన్ని పంపింది ఎవరో తేల్చడానికి సిస్టమ్ ఇంజనీర్లు చాలా ఏళ్లు చేసింది ఈ దీపం పనే. కదలికను చూసి కదిలించినవాడిని ఊహించడం. అది ఎందుకు చాలలేదు, చాలనప్పుడు ఏం చేశారు అన్నది ఇంజనీర్ల గొడవే అనిపించవచ్చు. కానీ ఈ నది ఒడ్డున కబుర్లు నడిచిన చరిత్రను దాని పక్కనే పెట్టి పోల్చి చూస్తే ఆ గొడవ తేలిగ్గా అర్థమవుతుంది. నా వాదన ఇది: దారికి ముఖం ఉండదు. అవతల ఉన్నదెవరో వాడు చెప్పుకున్న పేరును బట్టి తేలదు, వాడి మాట తీరును బట్టీ తేలదు. ఇద్దరూ దాటక తప్పని చోట నిలబడ్డ మూడోవాడు చెప్పాలి. అదీ ఇద్దరూ కలిసిన క్షణంలోనే చూసి చెప్పాలి.

ముందు ఊరి లోపలి సంగతి. నిజాం కాలపు తెలంగాణ పల్లెలో పటేలు కబురు పంపాడంటే తెచ్చేది మస్కూరి, అంటే ఊరి నౌకరు. వాడి తండ్రి తెచ్చిందీ ఆ కబుర్లే, తాత తెచ్చిందీ ఆ కబుర్లే. వెట్టి చాకిరీలో కట్టెలు కొట్టడం, సామాను మోయడంతో పాటు కాగితాలు మోయడమూ ఒక పనే. తాలూకా కచేరీకో పోలీసు ఠాణాకో రాత ఏదైనా పోవాలంటే, కూలి లేకుండా కాలినడకన మోసుకెళ్లేవాళ్లు వెట్టికి కట్టుబడ్డ కులాలవాళ్లే. ఊరంతటికీ చెప్పవలసింది ఉంటే డప్పు మోగేది, మాట కంటే ముందు అది ఎవరి హుకుమో వినబడేది. అలాంటి చోట ‘నిన్ను ఎవరు పంపారు’ అని ఎవరూ అడగరు. మోసేవాడు తెలిసినవాడు, వాడి గడప తెలిసినది, పంపేవాడి ఇల్లు నలుగురికీ కనబడేది. ఇక్కడ గుర్తింపు అనే పని ఎవరూ ప్రత్యేకంగా చేయడం లేదు. పుట్టుకే ఆ పని చేసిపెట్టింది. అది మంచి ఏర్పాటు అని ఎవరూ అనలేరు. కబురు ఎవరిదో అందరికీ తెలియడం వెనక, మోసేవాడికి కాదనే హక్కు లేకపోవడం ఉంది. కాని గుర్తింపు వరకే చూస్తే అక్కడ చిక్కు లేదు.

కంప్యూటర్ల లోపల కూడా మాట మొదట ఇలాగే నడిచింది. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒక్కో ప్రాసెస్‌ది ఒక్కో గది, ఒకరి గదిలోకి ఒకరు తొంగి చూడలేరు. మాట్లాడుకోవాలంటే కెర్నెల్, అంటే యంత్రం మొత్తాన్ని కాపలా కాసే ప్రోగ్రాము, మధ్యలో ఒక దారి పరచాలి. తోటలో నీళ్ల గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములను బిగించగలగాలని బెల్ లాబ్స్‌లో డగ్లస్ మెక్‌ల్రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాసిపెట్టాడు. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాన్ని పైప్‌గా అమర్చాడు. ఆ పైప్‌కు పేరు లేదు, చిరునామా లేదు. తల్లి ప్రాసెస్ దాన్ని తవ్వి, తన కడుపున పుట్టిన పిల్లలకు రెండు కొసలూ పంచుతుంది. ఆ కుటుంబానికి బయటివాడు దాన్ని వెతికి పట్టుకోలేడు, ఎందుకంటే పట్టుకోవడానికి పేరే లేదు. మనం టైపు చేసే షెల్ ఇక్కడ పెళ్లిళ్ల పేరయ్య. ఈ కొస నీది, ఆ కొస వాడిదని రెండు వైపులా తనే కుదురుస్తుంది కాబట్టి అవతల ఎవరన్న అనుమానం ఎవరికీ రాదు. నిజానికి ‘అవతల ఎవరు’ అని అడిగే వీలును ఆ పైప్‌లో పెట్టనేలేదు. అడిగే పని ఉంటుందని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఊరి పొలిమేర దాటి రేవుకు వస్తే కథ మారుతుంది. 1948 సెప్టెంబరు దాకా వాడపల్లి దగ్గర కృష్ణ రెండు రాజ్యాల మధ్య గీత. ఉత్తరాన నిజాం, దక్షిణాన మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లా, పల్నాడు. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు రూపాయి. నిజాం రాజ్యానికి 1869 నుంచీ తన తపాలా బిళ్లలు తనకున్నాయి, 1950 ఏప్రిల్ 1న గాని ఆ తపాలా శాఖ భారత తపాలాలో కలవలేదు. సరిహద్దు ఒక్క నది దగ్గరే ఉందనుకోకూడదు. కోదాడ నుంచి సూర్యాపేటకు పోయే దారిలో మునగాల పరగణా ఉంది. చుట్టూ నిజాం నేలే అయినా అది మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందిన ముక్క. అంటే ఆ దారిన పోయేవాడు ఒక రాజ్యం విడిచి, ఇంకో రాజ్యంలో కాసేపు నడిచి, మళ్లీ మొదటి రాజ్యంలో అడుగుపెట్టేవాడు. సరుకుల మీద పన్ను వసూలు చేసే నిజాం శాఖకు కరోడ్‌గిరి అని పేరు. ఆ శాఖ పెట్టిన నాకా (తనిఖీ గేటు) దగ్గర ‘నేను ఫలానా ఊరివాణ్ణి, పన్ను కట్టేశాను’ అని ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు. శాఖ ఇచ్చిన చీటీ చూపించాలి. ఎద్దుల బండివాడి మాట బండివాడిదే, చీటీ మీది మొహరు మాత్రం శాఖది. ఎవరి గురించి రాశారో వాళ్లు రాసింది కాదు కాబట్టే ఆ చీటీకి విలువ.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ చిక్కు ప్రాణాల మీదికి వచ్చింది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు ఆ పోరాటానికి ఆయువుపట్లు. ఆంధ్ర ప్రాంతపు సరిహద్దు వెంట శిబిరాలు ఉండేవి. దళాలకూ నాయకులకూ మధ్య చీటీలు మోసినవాళ్లను ఉద్యమంలో కొరియర్లు అనేవారు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటలు అచ్చయ్యాయి. రహస్య జీవితంలో అసలు పేర్లు వాడరు, కాబట్టి చీటీ మీద పేరును బట్టి పంపినవాడెవడో తేల్చుకునే అవకాశం మొదట్లోనే పోయింది. చీటీ పోలీసుల చేతిలో పడితే, మరునాడు అదే చీటీ ఇంకో మనిషి చేతిలో రావచ్చు. అప్పుడు నమ్మవలసింది కాగితాన్ని కాదు, తెచ్చిన మనిషిని. ఆ మనిషిని నమ్మాలంటే రెండు వైపులా ఎరిగిన మూడో మనిషి ఒకరు ఉండాలి.

ఇంత చెప్పాక అశోకవనం గుర్తు రాకుండా ఉండదు. హనుమంతుడు ఉంగరం తెచ్చాడు, అది ఆనవాలు. అయినా సీతకు ముందు వచ్చింది అనుమానమే, వచ్చింది మాయారూపంలో రావణుడేనేమో అని. వాల్మీకిలో ఆమె ఉంగరం చూడకముందే రాముడి గుర్తులు అడిగి చెప్పించుకుంటుంది. ఎందుకంటే ఉంగరం చెప్పేది ఒక్కటే, ‘నేను రాముడి వేలిది’ అని. ‘నన్ను తెచ్చినవాడు రాముడు పంపినవాడే’ అని అది చెప్పలేదు. ఉంగరాన్ని ఎవరైనా దొంగిలించవచ్చు, దొరికినవాడు ఇంకొకరి చేతికి ఇవ్వవచ్చు. చేతులు మారగల ఆనవాలు ఏదైనా ఇంతే. యూనిక్స్‌లోనూ తెరిచి ఉన్న దారి కొసను ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్ చేతికి ఇచ్చేయవచ్చు. అటు నుంచి చూసేవాడికి ఉంగరం మారదు, వేలు మారిన సంగతి తెలియదు.

యూనిక్స్‌కు రేవు 1980ల మొదట్లో వచ్చింది. సిస్టమ్ త్రీ అనే రూపంలో పేరున్న పైప్ దిగింది. దానికి ఫైలుకు ఉన్నట్టు పేరు ఉంటుంది, అనుమతి ఉన్న ఏ ప్రాసెస్ అయినా వచ్చి అందులో రాయవచ్చు. కుటుంబ సంబంధం అక్కర్లేదు. చదివేవాడికి అక్షరాలు వస్తాయి, అవి ఏ చేతి నుంచి వచ్చాయన్నది రాదు. ముగ్గురు రాస్తే ముగ్గురి మాటలూ ఒకే ధారగా పడతాయి. 1983లో బర్కిలీ విశ్వవిద్యాలయం 4.2 బీఎస్‌డీతో సాకెట్లను ఇచ్చింది. వాటిలో ఒకే యంత్రంలోని ప్రాసెస్‌ల కోసం యూనిక్స్ సాకెట్ అనే రకం ఉంది. సేవ చేసే ప్రాసెస్ ఒక పేరు పెట్టుకుని రేవులో కూర్చుంటుంది, వచ్చేవాళ్లు ఆ పేరు చెప్పుకుని వచ్చి కలుస్తారు. వచ్చినవాడి చిరునామా ఏమిటని అడిగే ఏర్పాటు కూడా ఉంది. తీరా అడిగితే జవాబు చాలాసార్లు ఖాళీ. ఎందుకంటే వచ్చేవాడు తనకంటూ పేరు పెట్టుకోవాలన్న నియమం లేదు, కాబట్టి ఎవడూ పెట్టుకోడు. రేవు కట్టారు, పడవ కట్టారు, దిగినవాడి పేరు రాసే పుస్తకం మాత్రం తెల్లగా ఉండిపోయింది.

ఈ తెల్ల కాగితంతో ప్రోగ్రాములు రాసేవాళ్లు పడ్డ అవస్థ ఒకసారి దగ్గరగా చూడదగ్గది. డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్ 1992లో రాసిన యూనిక్స్ ప్రోగ్రామింగ్ గ్రంథం ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరి బల్ల మీదా ఉండేది. అందులో ఒక ఉపాయం ఉంది. వచ్చే ప్రాసెస్ తన నంబరును అయిదు అంకెలుగా పేరులో కలిపి, తాత్కాలిక ఫైళ్లు ఉండే చోట తన పేరిట ఒక సాకెట్ ఫైలు పెట్టాలి. దాని మీద అనుమతులు తనకొక్కడికే ఉంచుకోవాలి. సేవ చేసే ప్రాసెస్ వెళ్లి ఆ ఫైలును చూస్తుంది. ఫైలు యజమాని ఎవరన్నది ఫైలు పెట్టినవాడు రాసింది కాదు, కెర్నెల్ రాసింది, కాబట్టి దాన్ని నమ్ముతుంది. అంతటితో ఆగదు. ఫైలు పుట్టి ముప్పై సెకన్లు దాటిందా అని చూస్తుంది. దాటితే ఒప్పుకోదు. ఎవరో ఎప్పుడో వదిలేసి పోయిన ఫైలును ఇంకెవరో వాడుకుంటున్నారేమోనని భయం. ఈ రెండు తనిఖీల్లో మొత్తం విషయం ఉంది. ఒకటి, పేరు మూడోవాడు రాసినదై ఉండాలి. రెండు, ఇప్పుడే రాసినదై ఉండాలి. ముప్పై అన్న అంకెకు శాస్త్రం ఏమీ లేదు, అది ఒక అందాజా. అయినా నాకు ఆ అందాజాలో గొప్ప నిజాయితీ కనిపిస్తుంది. చీటీకి కాలం చెల్లుతుందని ఆ రాసినాయన ఒప్పుకున్నాడు.

అదే జ్ఞానం రైల్వేలో అంతకంటే పాతది. బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా దామరచర్ల మండలంలోని విష్ణుపురం చేరి, అక్కడ కృష్ణ దాటి నడికుడికి పోయే రైలు మార్గం 1989 నాటికి పూర్తయింది. ఒంటి లైనుగానే కట్టారు. ఒంటి లైను మీద ఒక స్టేషను మాస్టరు పక్క స్టేషను మాస్టరుతో ఫోనులో అనే మాట తప్పయితే రెండు రైళ్లు ఎదురెదురు వస్తాయి. అందుకే భారతీయ రైల్వేల్లో ప్రైవేటు నంబరు అనే పద్ధతి ఉంది. ప్రతి స్టేషనుకూ వరుస లేని రెండంకెల సంఖ్యలు అచ్చువేసిన కాగితాలు రైల్వే యంత్రాంగం ఇస్తుంది. మాటకు హామీగా మాస్టరు ఆ కాగితంలో తర్వాతి సంఖ్యను అంకె అంకెగా పలుకుతాడు. అవతలివాడు తన రిజిస్టరులో రాసుకుంటాడు. పలికిన సంఖ్యను కొట్టేస్తారు, అది మళ్లీ పనికిరాదు. గేటు దగ్గరి మనిషితోనూ ఇదే పద్ధతి. అవతలి గొంతు ఇరవై ఏళ్లుగా ఎరిగినదే కావచ్చు, పొద్దున కలిసి టీ తాగినవాడే కావచ్చు. అయినా నంబరు లేని హామీ హామీ కాదు. గొంతును పోల్చుకోవడంలో మనిషి పొరబడతాడని కాదు. గొంతును రిజిస్టరులో రాయలేం. పైగా ఆ సంఖ్య మాస్టరు సొంత బుర్రలోంచి వచ్చింది కాదు. ఇద్దరికీ పైన ఉన్న శాఖ ఇచ్చిన కాగితంలోంచి వచ్చింది. ఒకసారికే చెల్లుతుంది. నాకా చీటీకీ, స్టీవెన్స్ ముప్పై సెకన్లకూ నడుమ ఎక్కడో ఈ కాగితం ఉంది.

1990ల చివర్లో, యూనిక్స్ బాటలో పుట్టిన లినక్స్‌లో కెర్నెల్ ఈ పని నేరుగా తన మీద వేసుకుంది. యూనిక్స్ సాకెట్ పట్టుకున్న ప్రాసెస్ ‘అవతల ఎవరు’ అని అడిగితే కెర్నెల్ మూడు సంఖ్యలు ఇస్తుంది. ప్రాసెస్ నంబరు, అది ఏ యూజరు కింద నడుస్తోందో ఆ నంబరు, గ్రూపు నంబరు. 2741, 1000, 1000 అనుకోండి. వీటిని అవతలివాడు పూరించలేదు, పూరించే వీలూ లేదు. ఇద్దరూ కలిసినప్పుడు కెర్నెలే రాసిపెట్టుకుంది. తక్కిన యూనిక్స్ శాఖలు తమ తమ పేర్లతో ఇదే ఏర్పాటు తెచ్చుకున్నాయి. విండోస్ కూడా విస్టాతో, పేరున్న పైప్ అవతలి ప్రాసెస్ నంబరు చెప్పే పిలుపును ఇచ్చింది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఒకే యంత్రంలోంచి వచ్చేవాళ్లను సంకేతపదం అడక్కుండానే లోపలికి పంపగలుగుతోందంటే దీని చలవే. చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో కూడా ఒక యాప్ ఇంకో దాన్ని ఏదైనా అడిగితే, బైండర్ అనే కెర్నెల్ భాగం అడిగినవాడి నంబరును ఆ అడగడం మీద ముద్ర వేసి పంపుతుంది. యాప్ తన గురించి ఏం చెప్పుకున్నా ముద్ర మారదు.

దీపం వాదులు ఇక్కడ అడ్డు తగులుతారు. ఇంత తతంగం ఎందుకు, జాడలు చూసి పట్టుకోలేమా అంటారు. లినక్స్‌లో ప్రతి ప్రాసెస్ ఏ ఏ దారులు తెరిచి పెట్టుకుందో చూపించే ప్రోక్ అనే అల్మారా ఉంది. ప్రాసెస్‌లను ఫైళ్లుగా చూపే ఆ ఆలోచన 1984లో బెల్ లాబ్స్‌లో టామ్ కిలియన్‌ది. అందులో వెతికితే దొరకదా? పైప్ అయితే నిజంగానే దొరుకుతుంది. ఒక పైప్ రెండు కొసలకూ ఒకే సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య ఇంకెవరి అల్మారాలో కనిపిస్తే వాడే అవతలివాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విక్ ఏబెల్ రాసిన ఎల్ఎస్ఓఎఫ్ అనే పనిముట్టు ఇలాంటి వెతుకులాటకే పుట్టింది. యూనిక్స్ సాకెట్ దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడకవు. దాని రెండు కొసలకు రెండు వేరు వేరు సంఖ్యలు. ఏ సంఖ్యకు ఏది జోడీ అన్నది కెర్నెల్ కడుపులోనే ఉండేది. చాలా ఏళ్లు, కావాలన్నవాళ్లు డీబగ్గర్‌తో కెర్నెల్ జ్ఞాపకంలోకే దిగి చూసుకోవలసి వచ్చింది. 2012లో 3.3 లినక్స్ వచ్చాక గాని జోడీ సంఖ్య బయటికి చెప్పే మార్గం ఏర్పడలేదు. ఇప్పుడు ఎస్ఎస్ అనే ఆదేశం దాన్ని ఒక వరుసలో చూపిస్తుంది. ఇది పనికిరాదని నేను అనను. పాడైన యంత్రాన్ని బాగుచేసేవాడికి ఇంతకంటే ఆప్తుడు లేడు. కాని ఇది జరిగినదాన్ని విచారించే పద్ధతి. వెతికి చూసేలోగా ఒకడు పోయి ఇంకొకడు రావచ్చు, అందరి అల్మారాలూ తెరవాలంటే సర్వాధికారం కావాలి, ఒకే కొసను ముగ్గురు పట్టుకుని ఉంటే ముగ్గురూ కనిపిస్తారు తప్ప పలికిందెవరో కనిపించదు. లోపలికి రానివ్వాలా వద్దా అని వాకిట్లో నిర్ణయించవలసినవాడికి విచారణ నివేదిక ఏం చేసుకోను?

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. మాట మీదే సంతకం ఉంటే మూడోవాడు ఎందుకు, గణిత సంతకాలు వచ్చాక ఈ నాకాలన్నీ దండగ కాదా అంటారు. దూరపు యంత్రాల మధ్య సంతకమే దిక్కు, అందులో సందేహం లేదు. కాని సంతకం చెప్పేది తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, అంతకు మించి చెప్పదు. అది మళ్లీ ఉంగరమే. ఒకే యూజరు కింద నడిచే రెండు ప్రాసెస్‌లు ఒకే తాళంచెవి ఫైలును చదవగలవు. వాటిలో ఏది పలికిందో సంతకం తేల్చలేదు. రామోజీ, లక్ష్మోజీ అని చెప్పుకున్న ఇద్దరు యువకులు ఆరు లక్షలు గుమ్మరిస్తే గోల్కొండ తానీషా రసీదు ఇచ్చాడని రామదాసు కథ. రసీదు సక్రమం, పైకం సక్రమం. ఇచ్చినవాళ్లెవరో మాత్రం తెల్లవారాక గాని తానీషాకు తట్టలేదు.

మరి మూడోవాడే అబద్ధమాడితే? ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు, ముఖ్యంగా తెలంగాణలో. నిజాం కాలంలో భూమి ఎవరిదో, పన్ను ఎవరు కట్టారో చెప్పేది పట్వారీ రాత. చదువు రాని రైతుకు ఆ రాతలో ఏముందో తెలిసే దారి లేదు. రాసేవాడు ఒక్కడే అయినప్పుడు రాతే సత్యమవుతుంది. పట్టేదారు పేరు ఒక గీతతో మారిపోయిన గోడు మన సాహిత్యం నిండా ఉంది. వంశపారంపర్యంగా వచ్చిన ఆ పటేల్ పట్వారీ వ్యవస్థను 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. కెర్నెల్ కూడా అలాంటి పట్వారీయే. మామూలు ప్రాసెస్ మాటతో పాటు తన నంబరు తానే రాసి పంపే ఏర్పాటు ఒకటి లినక్స్‌లో ఉంది. కెర్నెల్ దాన్ని సరిచూసి, తప్పయితే తిప్పికొడుతుంది. కాని సర్వాధికారం ఉన్న ప్రాసెస్ ఇంకొకరి నంబరు వేసినా ఒప్పుకుంటుంది. అంటే రూట్ అని పిలిచే ఆ సర్వాధికారి అనుకుంటే ఎవరి వేషమైనా వేయవచ్చు. కాబట్టి మూడోవాడి సాక్ష్యం మీద నా వాదనకు ఒక హద్దు ఉంది. సాక్షి లోబడిపోయిన యంత్రంలో గుర్తింపు అనేదే ఉండదు. అయితే అలాంటి యంత్రంలో సంతకమూ నిలవదు, దీపమూ నిలవదు. తాళంచెవి ఉన్న ఫైలును కాసేదీ కెర్నెలే, ప్రోక్ అల్మారాను చూపించేదీ కెర్నెలే. పట్వారీని తప్పించుకుని పోయే దారి లేదు. వాడి లెక్కను అందరూ చూడగలిగేలా పెట్టడం ఒక్కటే మిగిలింది. లినక్స్ మూలం అందరి ముందూ తెరిచి ఉండటం వల్ల కొంతవరకు ఆ పని జరుగుతోంది.

నన్ను ఎక్కువ ఆపింది కాలం గురించిన అభ్యంతరం. కెర్నెల్ ఇచ్చే సంఖ్య కలిసిన క్షణానిది. ఆ తర్వాత ఆ ప్రాసెస్ చనిపోవచ్చు. లినక్స్‌లో ప్రాసెస్ నంబర్లు ఒక హద్దు దగ్గర (చాలాకాలం అది మామూలుగా 32,768) చుట్టు తిరిగి మొదటికి వస్తాయి, కాబట్టి పోయినవాడి నంబరు కొత్తవాడికి రావచ్చు. ఖాళీ అయిన ఇంటి నంబరుకు ఉత్తరం వేస్తే కొత్తగా అద్దెకు దిగినవాడు తీసుకున్నట్టు. పోల్‌కిట్ అనే ప్రోగ్రాము ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో తేలుస్తుంది. నంబరును చూసి తేల్చడానికీ ఆ నంబరు గల ప్రాసెస్ మారిపోవడానికీ మధ్య ఉన్న సందును వాడుకునే లోపం 2013లో దానిలో దొరికింది. నంబరుతో పాటు పుట్టిన సమయం కూడా చూస్తే సరిపోతుందనుకున్నారు. ఆ జంటను కూడా పుట్టుక మధ్యలో ఆపి మోసగించవచ్చని గూగుల్ ప్రాజెక్ట్ జీరోలోని యాన్ హార్న్ కనిపెట్టాడు, 2019లో అది బయటికి వచ్చింది. ఈ కాలం చిక్కులో ఇంకో వింత కూడా ఉంది. ఈ రోజుల్లో చాలా సేవల రేవులను ముందుగా తెరిచిపెట్టేది సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము. ఆ తర్వాత అసలు సేవకుణ్ణి లేపి కొసను చేతికి ఇస్తుంది. అలాంటి చోట వచ్చినవాడు ‘అవతల ఎవరు’ అని అడిగితే కెర్నెల్ చెప్పేది ఒకటో నంబరు, అంటే సిస్టమ్‌డీ. అబద్ధం కాదు, రేవు తెరిచింది వాడే. మాట్లాడుతున్నది మాత్రం వాడు కాదు. సాక్షి తను చూసినదే చెప్పాడు, మనకు కావలసింది తర్వాతి సంగతి.

దీనికి జవాబుగా 2019లో లినక్స్‌లోకి పిడ్‌ఎఫ్‌డీ అనేది వచ్చింది. నంబరుకు బదులు ఆ ప్రాసెస్‌నే పట్టుకునే పిడి అనుకోవచ్చు. ప్రాసెస్ పోతే పిడి చచ్చుబడుతుంది తప్ప కొత్తవాడి వైపు తిరగదు. సాకెట్ అవతలివాడి పిడిని నేరుగా ఇవ్వమని కెర్నెల్‌ను అడిగే వీలు 2023లో, 6.5 రూపంలో కుదిరింది. పేరు లేని పైప్ పుట్టిన 1973 నుంచి లెక్కిస్తే యాభై ఏళ్లు. 2021 లాక్‌డౌన్‌లో వాడపల్లి వంతెన దగ్గర ఆంధ్ర వైపు నుంచి వచ్చే బండ్లను తెలంగాణ పోలీసులు ఆపి ఈ-పాస్ అడిగినప్పుడు కూడా ఇదే సమస్య వేరే రూపంలో ఉంది. పాస్ మీద తేదీ, బండి నంబరు, మనిషి పేరు ఉంటాయి. వాటిని ముందున్న మనిషితో జోడించి చూసేది మాత్రం అక్కడ నిలబడ్డ కానిస్టేబులే.

అవతల ఎవరని ఇప్పటికీ అడగని దారులూ ఉన్నాయి. వాడపల్లి ఉన్న మండలంలోనే వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం 4,000 మెగావాట్లు. అక్కడ ఏ యంత్రం ఏ భాషలో మాట్లాడుతుందన్నది ఆ కేంద్రం సంగతి. కాని ప్రపంచంలోని కర్మాగారాల్లో యంత్రాలు మాట్లాడుకునే భాషల్లో బాగా పాతుకుపోయినది మాడ్‌బస్, మాడికాన్ సంస్థ 1979లో తెచ్చినది. దాని సందేశాన్ని విప్పి చూస్తే గళ్లు కొన్నే ఉంటాయి. మొదటి గడిలో ఎవరికి చెబుతున్నామో ఆ యంత్రం నంబరు. తర్వాతి దానిలో ఏం చేయాలో దాని సంకేతం. ఆ తర్వాత ఏ రిజిస్టరు, ఎంత విలువ. చివర దారిలో అక్షరం చెడలేదని చూసుకునే లెక్క. వాల్వు తెరవమంటే తెరుస్తుంది. ఒకే తీగ, ఒకే యజమాని, ఒకే గది ఉన్న రోజుల్లో ఆ రూపం రాశారు. ఊరి లోపలి మస్కూరి లాంటిదే అదీ. ఆ తర్వాత ఆ తీగను కంప్యూటర్ల నెట్‌వర్కుకు కలిపారు, సందేశం మాత్రం అదే. 2018లో దాని చుట్టూ భద్రత తొడుగు వేసిన రూపం ఒకటి ప్రకటించారు. తొడుగు విప్పితే లోపల ఆ పాత గళ్లే ఉన్నాయి. వాటిలో ‘ఎవరు చెబుతున్నారు’ అన్న గడి లేదు.